అందరూ కలిసి నయం చేసిన జబ్బు

నాకు జబ్బు తగ్గిపోయిందని ఊరంతటికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. పొద్దున లేచి కాళ్ళు కింద పెడితే నేల ఎక్కడుందో ఇప్పటికీ కంటితో చూసుకోవాలి. ఎడమ పాదానికి చెప్పు ఊడిపోయినా నాకు తెలియదు, ఎవరో వెనక నుంచి పిలిచి చెప్పాలి. అయినా కోవిల్‌పట్టిలో ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకావిడ నా బుగ్గ గిల్లి, "మారియమ్మ కాపాడింది మే నిన్ను" అంటుంది. ఒళ్ళు మండిపోతుంది నాకు. నవ్వుతాను. నవ్వకపోతే పొగరంటారు.

మాది తమిళనాడులో, నాగలాపురం పక్కన నల్లరేగడి ఊరు. మిరప, పత్తి, మక్కజొన్న, వాన పడితే పంట, లేకపోతే లేదు. నన్ను మేనత్త కొడుక్కే ఇచ్చారు. బావకు కోవిల్‌పట్టిలో విత్తనాల అంగడి ఉంది. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం, మా అందరిదీ అదే బతుకు. తిరుపతిలో బి.ఎడ్. చదివేటప్పుడు తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇదైనా రాయగలుగుతున్నాను. మా ఇంట్లో ఇంకెవరూ దీన్ని చదవలేరు. అదీ ఒకందుకు మంచిదే.

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. ముందు ఒక కన్ను మసకబారింది, తర్వాత కాళ్ళు మొద్దుబారాయి. మదురైలో డాక్టరు స్కాన్ చూసి, నరాల మీద ఉండే పొరను నా ఒళ్ళే కొరుక్కు తింటోందని చెప్పాడు. పూర్తిగా పోదని, మందులతో అదుపులో పెట్టుకోవచ్చని, ఎండ తగిలితే, ఒళ్ళు వేడెక్కితే కాళ్ళు ఇంకా మొరాయిస్తాయని అన్నాడు. విరుదునగర్ జిల్లా అంచున కాపురం పెట్టుకున్న మనిషితో ఎండకు దూరంగా ఉండమనడం ఎంత సులువో ఆయనకేం తెలుసు.

ఇంటికొచ్చి ఈ పేరు ఎవరికి చెప్పినా నోరు తిరగలేదు. తమిళంలో చెప్పాలంటే నరంబు తళర్చి, అంటే నరాల నీరసం. బావ ఆ మాట వినగానే చేతులెత్తి దండం పెట్టాడు. "ఆ మాట మాత్రం బయట అనొద్దు తల్లీ, నీకు పుణ్యముంటాది" అన్నాడు. ఎందుకంటే మా బస్టాండు గోడల మీద, మూత్రశాలల తలుపుల మీద ఆ రెండు ముక్కలే రాసి, కింద లాడ్జి గది నెంబరు వేసిన పోస్టర్లుంటాయి, మగవాళ్ళ రహస్య వైద్యానికి. నా జబ్బుతో తన మగతనానికి మచ్చ వస్తుందని ఆయన భయం. అలా నా జబ్బుకు పేరు లేకుండా పోయింది. పేరు లేని జబ్బును ఎవరు నమ్ముతారు?

చూడ్డానికి నేను బాగానే ఉంటాను, ఉన్న తంటా అంతా అదే. కట్టు లేదు, కర్ర లేదు, జుట్టు రాలలేదు. పైగా మందుల వల్ల కాస్త ఒళ్ళు చేశాను. అత్తకు నేను కూర్చుని కనిపిస్తే చాలు. "ఎప్పుడు చూసినా కుసోనే ఉండావే, ఒంట్లో ఏమే నీకు?" అనేది. చెప్పేదాన్ని. "నాకు మాత్రం కాళ్ళు లాగవా? నేను పడుకుంటా ఉండానా?" అనేది. ఆమె చెడ్డది కాదు. నాన్నకు అక్క, నన్ను ఎత్తుకుని పెంచింది. కానీ తన కళ్ళకు కనబడనిది ఈ లోకంలో లేదని ఆమె నమ్మకం, అమ్మవారు ఒక్కతి తప్ప.

విరుదునగర్‌లో ఒక ట్రస్టు నడిపే ఫిజియోథెరపీ కేంద్రానికి ప్రతి శనివారం బస్సులో వెళ్ళేదాన్ని. బస్టాండు దగ్గర కేంద్రం వ్యాను ఎక్కించుకునేది. ఆ వ్యానులో అప్పటికే ఒక పిల్ల కూర్చుని ఉండేది. పిల్ల అంటున్నాను గానీ పెళ్ళయి ఇద్దరు బిడ్డల తల్లి. విరుదునగర్‌కు అవతల మరమగ్గాల ఊళ్ళో, నేతపనివాళ్ళ ఇంట కోడలు. వాళ్ళదీ తెలుగే, కానీ మా తెలుగు వింటే ఆమె నవ్వేది, ఆమె తెలుగు వింటే నేను నవ్వేదాన్ని. నాది మట్టి పిసికినట్టుంటుందట. ఆమెది మగ్గం ఆడినట్టు గబగబా ఉండేది.

ఆమెదీ నా జబ్బే. ఆ చుట్టుపక్కల నాకు తెలిసి ఈ పేరు పూర్తిగా పలకగలిగిన మనుషులం మేమిద్దరమే. కండెలు చుడుతుంటే చేతివేళ్ళు పట్టు తప్పేవట, నూలు చిక్కుపడేదట, దానికి తిట్లు. ఒకరోజు వ్యానులో చెప్పింది. "మా అత్తకు నేను నటిస్తా ఉండానని సందేహం అక్కా. కాలు విరిగుంటే బాగుండును. కట్టు కనబడేది." ఇద్దరం నవ్వుకున్నాం. నేనూ సరిగ్గా అదే కోరుకున్నాను, ఒక్కసారి కాదు.

కేంద్రంలో ఆమె కడ్డీలు పట్టుకుని నడిచేది. మొదట వచ్చినప్పుడు నిలబడలేకపోయేదట. నేను చూసేసరికి గదికి ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, "చూడక్కా" అని చేతులు వదిలి నిలబడేది. ఆ తర్వాత కొన్నాళ్ళకు వ్యాను ఆపేస్తారన్నారు. దానికి డీజిలు, డ్రైవరు జీతం ఇస్తున్న పెద్దమనిషి మానుకున్నాడట. నేనైతే ఆటో ఎక్కుతాను. ఆమె మొహం పాలిపోయింది. "వ్యాను లేకపోతే నన్నెవరు తెస్తారక్కా? ఇంట్లో బండి ఉండాది. నూలుకు, చీరలకు. నాకు కాదు."

ఆ వ్యాను కోసమే ట్రస్టువాళ్ళు చందాల పరుగు ఒకటి పెట్టారు. విరుదునగర్ బయట ఒక కాలేజీ మైదానం నుంచి రోడ్డు మీదకు, మళ్ళీ మైదానంలోకి, ఐదు కిలోమీటర్లు. పరిగెత్తేవాళ్ళు తలా కాస్త చందా పోగుచేయాలి. నేను పరిగెత్తుతానన్నాను. కేంద్రంలో ఫిజియోథెరపిస్టు నా మొహంలోకి చూసి, జోక్ కాదు కదా అని అడిగాడు. మదురై డాక్టరు మాత్రం, చలికాలం పొద్దున్నే అయితే, నడుస్తూ పరిగెత్తుతూ, కాళ్ళు బరువెక్కగానే ఆగే షరతు మీద సరేనన్నాడు.

నాకు అందులో ఇంకో కసి కూడా ఉంది. ట్రస్టు ఇచ్చే బనియను, అదే టీషర్టు, వీపు మీద జబ్బు పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేయిస్తారు. నా వీపు మీద నా జబ్బు పేరు మోసుకుంటూ అందరి ముందూ పరిగెత్తాలి, చదువుకుని చావండి అనుకున్నాను. ఆ పిల్లతోనూ అదే అన్నాను. "ఇంక మనల్ని ఎవరూ నటిస్తున్నారనరు" అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని ఊపేసింది.

చందా అడగడం దగ్గర ఇల్లు అంటుకుంది. అత్త వంటింట్లోంచి గరిటెతో బయటకొచ్చింది. "ఏమే, బుద్ధి ఉండాదా నీకు? మనింటి ఆడది అంగడి వీదిలో చెయ్యి చాపేదా? మనది పెట్టే చెయ్యి మే, ఎత్తే చెయ్యి కాదు!" బావ అంగడికి వెళ్ళిపోయాడు. ఇలాంటప్పుడు ఆయనకు అంగడిలో ఎప్పుడూ పని ఉంటుంది. నేను అరిచాను, ఆమె అరిచింది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆమే వచ్చి నా పక్కన కూర్చుని, నా మోకాలి మీద చేయి వేసి, దారి దొరికిందన్నట్టు చెప్పింది. "మడిపిచ్చ అని చెప్పుదాం. అంతా ఏస్తారు. అమ్మకు మొక్కుకొని ఎత్తేది పిచ్చ కాదు."

మడిపిచ్చ అంటే ఒడి బిచ్చం, మా వైపు అందరికీ తెలిసిన మొక్కు. జబ్బు చేసిన ఆడది మారియమ్మకు మొక్కుకుని, పసుపు చీర కట్టుకుని, కొంగు చాపి ఇంటింటికీ వెళ్ళి అడుక్కుంటుంది. ఎన్ని ఎకరాలున్న ఇంటి ఆడదైనా సరే, ఆ ఒక్క రోజు అడుక్కోవడం సిగ్గు కాదు. కొంగులో పడిన బియ్యంతో పొంగలి పెడుతుంది, డబ్బు గుడికి ఇస్తుంది. ఇస్తే జబ్బు పోయినట్టే. పోయిందని ఆమె నమ్మాలి, ఊరు నమ్మాలి. మొక్కు తీరినాక నొప్పి అని నోరు తెరవకూడదు. తెరిస్తే అమ్మవారిని అబద్ధాలకోరు అన్నట్టు.

ఇది మొక్కు కాదని, డబ్బు గుడికి పోదని నేను చెప్పాను. అత్తతో తిరిగిన ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. "పిన్నీ, ఇది వ్యాను కోసం, నడవలేనివాళ్ళను తెచ్చే వ్యాను" అన్నాను. తల ఊపారు. ఫోన్‌లో వేయండన్నాను. అత్త నా కొంగు లాగి ముందుకు చాపింది. "ఫోన్‌లో ఏమే మడిపిచ్చ? కొంగు పట్టు." నోట్లు, చిల్లర, గిద్దెడు బియ్యం, కొంగు కిందికి జారిపోయేంత. కళుగుమలై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కొంగులో నోటు వేసి నా కాళ్ళకు దండం పెట్టబోయింది. "వ్యానమ్మా, వ్యాను" అన్నాను. "అట్నే తల్లీ, ఏ పేరుతో అయితేనేం" అంది. వాళ్ళు నా మాట వినలేదని కాదు. విన్నారు, మర్యాదగా పక్కన పెట్టారు, అంతే. అత్త బియ్యంతో గుడి దగ్గర పొంగలి పెట్టింది. డబ్బు మాత్రం కుస్తీ పట్టి నేనే ట్రస్టుకు చేర్చాను. అనుకున్నదానికంటే చాలా ఎక్కువే వచ్చింది.

పరుగు రోజు పొద్దున చలిగా ఉంది. బనియను వేసుకున్నాను, మెడకు తడి తువ్వాలు చుట్టుకున్నాను. అత్త పసుపు చీరలో, ముగ్గురు నలుగురు చుట్టాలతో కారులో దిగింది. దిగడంతోనే నా నడుము దగ్గర వేపరెబ్బ దోపింది. "అందరూ చూస్తున్నారత్తా" అన్నాను. "చూడనీ, అందుకేగా" అంది. కేంద్రం వ్యానులో ఆ పిల్ల కూడా వచ్చింది, వాళ్ళ అత్తతో. ఆ అత్త బక్కపలచని మనిషి, చేతులకు ఇంకా నూలు పీచు అంటుకుని ఉంది. పని మానుకుని వచ్చిందని తెలిసిపోతోంది. పరుగు ముగిసేచోట వాళ్ళకు కుర్చీలు వేశారు.

పరుగు గురించి గొప్పగా రాయలేను. కాసేపు పరిగెత్తాను, కాసేపు నడిచాను. మొదట్లో ఎంత హాయిగా ఉందో చెప్పను, చెబితే నాకే ఏడుపొస్తుంది. గాలి చల్లగా మొహానికి కొట్టింది, బడిలో ఖోఖో ఆడిన కాళ్ళు గుర్తొచ్చాయి. సగం దాటాక ఎండ పైకొచ్చింది. ఎడమ కాలు నాది కాకుండా పోయింది. కన్ను మసకేసింది, రోడ్డు మీద తెల్లగీత రెండుగా కనిపించింది. షరతు ప్రకారం అక్కడే ఆగాలి. ఆగలేదు. ఆ కుర్చీలో కూర్చున్న పిల్ల ఎదురుచూస్తోందని తెలుసు. కాలు ఈడ్చుకుంటూ, పరిగెత్తినవాళ్ళందరి తర్వాత, మైదానంలోకి వచ్చాను.

నేను ముగింపు గీత దాటుతుండగా అత్త, చుట్టాలు నాలుకలాడించి కులవ అనే కూత పెట్టారు, అమ్మవారి గుడిలో అగ్గిచట్టి వచ్చినప్పుడు పెట్టే కులవ. ట్రస్టువాళ్ళు తెచ్చిన ఫోటోగ్రాఫర్ అప్పుడే నొక్కాడు. చేతులు పైకెత్తి, నడుమున వేపాకుతో, నోరు తెరుచుకుని నేను. వీపు మీద అచ్చు వేసిన జబ్బు పేరు ఆ ఫోటోలో లేదు. ముందు నుంచి తీశాడు కదా.

ఆ తర్వాత నన్ను మోసుకెళ్ళి వ్యానులో పడుకోబెట్టి, తడిగుడ్డలు కప్పారు. నాకు కాళ్ళు లేవు, చూపు లేదు, మాటలు మాత్రం వినపడుతున్నాయి. వ్యాను పక్కన నిలబడి అత్త ఆ పిల్ల అత్తతో చెబుతోంది. "మడిపిచ్చ ఎత్తినాము. ఇదో, పరిగెత్తింది. అమ్మ నయం చేసేసింది. నీ కోడలికీ ఎత్తించు అక్కా, ఎన్నాళ్ళని ఈ వ్యాన్లలో తిప్పుతావు?" లేచి నోరు మూయించాలనుకున్నాను. నాలుక కూడా తిరగలేదు.

పది రోజులు మంచం దిగలేదు. మదురైకి తీసుకెళ్ళి స్టెరాయిడ్ ఎక్కించారు. అంటే జబ్బు ఉన్నట్టే కదా? కాదట. దిష్టి అట. అంతమంది కళ్ళు పడ్డాయట. అత్త మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది, ఘాటు రాలేదని, చూశావా ఎంత దిష్టో అని ఇంటిల్లిపాదికీ చూపించింది. నేను తిరిగి బడికి వెళ్ళేసరికి కింద గదిలో ఉన్న నా తరగతి రెండో అంతస్తుకు మారిపోయింది. "మీరు రన్నింగ్ రేసే చేశారు కదా టీచర్, మెట్లెంత?" అని హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. నేను పరిగెత్తిన ఫోటో నోటీసు బోర్డు మీద పెట్టింది కూడా ఆవిడే. ఎవరితోనైనా కాలు నొప్పి అంటే అత్త నా నోటికి చేయి అడ్డం పెట్టేది. "తప్పు మే, అట్లా అనగూడదు."

ఇవన్నీ పడ్డాను. వ్యాను దక్కింది కదా, ఆ పిల్ల వస్తుంది కదా అనుకున్నాను. మళ్ళీ కేంద్రానికి వెళ్ళిన శనివారం బస్టాండు దగ్గర వ్యాను ఎక్కితే ఆమె సీటు ఖాళీగా ఉంది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మరుసటి వారమూ లేదు. ఫిజియోథెరపిస్టును అడిగితే, వ్యాను వెళ్తే ఇంక అక్కర్లేదని పంపేస్తున్నారన్నాడు. ఆ తర్వాతి శనివారం తెల్లవారుజాము బస్సుకే విరుదునగర్ చేరి, కేంద్రం దగ్గరే వ్యానెక్కి, వాళ్ళ వీధికి వెళ్ళాను.

వీధంతా మగ్గాల మోత. నేను దిగగానే ఆ పిల్ల అత్త నన్ను గుర్తుపట్టింది. లోపలికి పరిగెత్తి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, నేను వద్దు వద్దంటున్నా నా పాదాల మీద పోసింది. కుడి పాదానికి చల్లగా తగిలింది. ఎడమ పాదానికి ఏమీ తెలియలేదు.

"రాండి టీచరమ్మా, కుసోండి. మీరొచ్చింది అమ్మ వచ్చినట్టుండాది" అంది.

లోపల చాప మీద ఆ పిల్ల గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి నవ్వలేదు. కాళ్ళు రెండూ ముందుకు చాపి ఉన్నాయి, పక్కకు తీసి పెట్టిన సామానులా. వాళ్ళ అత్త ఏదో తేవడానికి పూజగది వైపు వెళ్ళగానే, ఆ పిల్ల గొంతు తగ్గించి గబగబా చెప్పింది. మడిపిచ్చ ఎత్తించారట. చెప్పులు లేకుండా, మిట్టమధ్యాహ్నం, ఊరంతా. గుడి దగ్గర పడిపోయిందట. అప్పటి నుంచి నిలబడలేదు. "మొక్కు తీరింది గదక్కా. ఇంగ వైద్యానికి పోతే అమ్మకు కోపమంట. నొప్పని నోరు తెరవగూడదంట. టీచరమ్మ తెరుస్తా ఉండాదా అంటారు."

నాకు రక్తం మరిగిపోయింది. వాళ్ళ అత్త విభూతి తట్ట పట్టుకుని వచ్చింది. "మీ చేత్తో దీనికి ఇబూది పెట్టండి టీచరమ్మా. మిమ్మల్ని పరిగెత్తించిన అమ్మ దీన్ని నిలబెట్టదా?"

"నాకు నయం కాలేదు" అన్నాను. ఆమెకు అర్థం కాలేదేమోనని తమిళంలో అన్నాను. మళ్ళీ తెలుగులో అరిచాను. "నాకు నయం కాలేదమ్మా! ఈ కాలి మీద నువ్వు నీళ్ళు పోస్తే తెలియలేదు నాకు. పరిగెత్తి పది రోజులు మంచాన పడ్డాను. ఇది పోయే జబ్బు కాదు. దీనికి మందు కావాలి, కసరత్తు కావాలి. నీ కోడల్ని నాతో వ్యానులో పంపు, ఇప్పుడే పంపు."

ఆమె చెంపలు వేసుకుంది. "అట్లా అనగూడదు తల్లీ, కళ్ళు పోతాయి." తర్వాత గుమ్మంలోంచి చేయి చాపి వీధిలోకి చూపించింది. చందా డబ్బుతో ట్రస్టువాళ్ళు వ్యానుకు కొత్త రంగు వేయించారు. తలుపు మీద నా ఫోటో, చేతులు పైకెత్తి, నడుమున వేపాకుతో. "ఇదో, మీరే గదా? ఇంగ కాదంటే ఎట్లా? అమ్మ దయ మీ ఒక్కరికే చాలా, మా పిల్లకు వద్దా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను దాచుకుంటున్నానని అనుకుంది, నాకు దొరికిన వరాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఇష్టం లేదని. ఆ తట్ట నా చేతికి తగిలేలా పట్టుకునే ఉంది. నేను పట్టుకోలేదు. పిల్లవైపు తిరిగి, "నువ్వు చెప్పు, నువ్వైనా చెప్పు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు.

"నువ్వు పరిగెత్తకుండా ఉండుంటే బాగుండునక్కా" అంది.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకా ఇద్దరిని ఎక్కించుకోవాలి. గోడ పట్టుకుని వ్యాను దాకా వచ్చాను. మెట్టు మీదకు ఎడమ కాలు లేవలేదు. చేత్తో ఎత్తి పెట్టాను, జారిపోయింది. మళ్ళీ పెట్టాను. చివరికి డ్రైవరు దిగొచ్చి, చంకల కింద చేతులు వేసి, నన్ను లేపి సీట్లో కూర్చోబెట్టాడు. గుమ్మంలో నిలబడి ఆ అత్త ఇదంతా చూసింది. మొదటి నుంచి చివరి దాకా చూసింది. చూసి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది.